రోబో పక్కన కూర్చున్న టీచర్



ఆటిజం ఉన్న పిల్లల చదువులో రోబోల సాయం తీసుకోవడం, అంటే మనిషి రూపంలోనో బొమ్మ రూపంలోనో ఉండి, చెప్పినట్టు కదిలి మాట్లాడే యంత్రాలను తరగతి గదిలోకి తీసుకురావడం, పాతికేళ్లకు పైగా కొన్ని దేశాల్లో ఒక పద్ధతి ప్రకారం సాగుతున్న ప్రయత్నం. దీని గురించి వచ్చే వార్తలు సాధారణంగా యంత్రం చుట్టూనే తిరుగుతాయి. అది ఎలా మాట్లాడింది, ఎలా నాట్యం చేసింది, దాని ఖరీదెంత అన్న సంగతులే వాటిలో కనిపిస్తాయి. ఇన్నేళ్ల అనుభవాన్ని శ్రద్ధగా పరిశీలించినవారికి తోచే విషయం వేరు. రోబోకూ పిల్లవాడికీ మధ్య ఏం జరిగిందన్నదానికన్నా, రోబో కారణంగా పిల్లవాడికీ పక్కనున్న టీచర్‌కూ మధ్య ఏం జరిగిందన్నదే ఈ ప్రయత్నంలో అసలు ఫలితం. శ్రోతలు ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే చాలు. ఇకపై చెప్పబోయే ఉదాహరణలన్నీ దీని చుట్టూనే ఉంటాయి.

ముందుగా ఆటిజం అంటే ఏమిటో చెప్పుకోవాలి. మెదడు ఎదిగే తీరులో చిన్ననాటి నుంచే ఉండే ఒక తేడాను ఆటిజం అంటారు. ఇది అంటుకునే జబ్బు కాదు, తల్లి పెంపకంలో లోపం వల్ల వచ్చేది కాదు, టీకాల వల్ల వచ్చేదీ కాదు. 1943లో అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు 11 మంది పిల్లలను గమనించి రాసిన వ్యాసంతో ఈ స్థితి వైద్యశాస్త్రంలో ప్రత్యేకంగా గుర్తింపు పొందింది. 2021లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 127 మందిలో ఒకరికి ఆటిజం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అంటే కాస్త పెద్ద బడి ఏదైనా సరే, అక్కడ అలాంటి పిల్లలు లేరంటే ఎవరూ గుర్తించలేదనే చాలాసార్లు అర్థం.

ఆటిజం ఉన్న పిల్లలందరూ ఒకేలా ఉండరు. ఒకరికి మాటలు రావు, మరొకరు గడగడా మాట్లాడతారు గాని ఎదుటివారి మాటకు జవాబు చెప్పరు. ఒకరు రైళ్ల వేళలన్నీ కంఠతా చెబుతారు గాని పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడరు, మరొకరికి ప్రార్థన గంట మోగితే చెవులు మూసుకొని బల్ల కిందికి దూరవలసినంత బాధ కలుగుతుంది. అయినా చాలామందిలో కనిపించే లక్షణం ఒకటుంది. ఎదుటి మనిషి ముఖంలో, గొంతులో, చేతుల్లో క్షణక్షణం మారే సంకేతాలను పోల్చుకోవడం వారికి చాలా శ్రమ. టీచర్ నవ్వుతూ కోప్పడుతుంది, కోప్పడుతూనే కన్ను గీటుతుంది, నిన్న ఆకుపచ్చ చీరలో వచ్చి మెల్లగా మాట్లాడిన మనిషి ఈరోజు గొంతు బొంగురుపోయి గట్టిగా మాట్లాడుతుంది. మిగతా పిల్లలు ఆలోచించకుండానే అర్థం చేసుకునే ఈ మార్పులు, ఆటిజం ఉన్న పిల్లవాడి మీద ఒక్కసారిగా వచ్చి పడే గందరగోళం. అందుకే అతడు ముఖం తిప్పుకొని, ఎప్పుడూ ఒకే తీరున తిరిగే ఫ్యాను రెక్కల వైపు చూస్తూ కూర్చుంటాడు.

రోబోల ఆలోచన పుట్టింది సరిగ్గా ఇక్కడే. రోబో ఒకే మాటను పదిసార్లు ఒకే గొంతుతో అంటుంది. దాని ముఖంలో విసుగు కనిపించదు. మీట నొక్కితే చెయ్యి ఎత్తుతుంది, మళ్లీ నొక్కితే మళ్లీ అలాగే ఎత్తుతుంది. తరువాత ఏం జరుగుతుందో ముందే ఊహించగలగడం పిల్లవాడికి ధైర్యాన్నిస్తుంది, ఆ ధైర్యంతో మరో మనిషితో కలిసి ఒక పని చేయడానికి తొలి అడుగు వేస్తాడు. రోబో చేయగలిగిన మేలు ఇంతే, కానీ ఈ కాస్త మేలు కోసం ఏళ్లతరబడి ఎదురుచూసిన తల్లిదండ్రులకు అది చిన్నది కాదు.

ఈ ఆలోచన నిన్నమొన్నటిది కూడా కాదు. 1960ల చివర్లో సేమూర్ పేపర్ట్ అనే గణిత శాస్త్రవేత్త, ఆయన సహచరులు పిల్లల కోసం లోగో అనే కంప్యూటర్ భాషను తయారుచేశారు. ఆ భాషలో ఆజ్ఞలు ఇస్తే నేల మీద ముందుకూ వెనక్కూ నడిచి, పక్కకు తిరిగే చిన్న చక్రాల యంత్రాన్ని తాబేలు అని పిలిచేవారు. 1976లో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో సిల్వియా వీర్, రికీ ఇమాన్యుయెల్ అనే ఇద్దరు పరిశోధకులు ఆటిజం ఉన్న ఏడేళ్ల బాలుడికి ఈ తాబేలును ఇచ్చి చూశారు. ఆ తాబేలుకు ముఖం లేదు, మాట లేదు, మనిషి పోలికలు ఏవీ లేవు. తన వేలితో మీట నొక్కగానే నేల మీద ఒక వస్తువు తాను కోరినట్టు కదలడం మాత్రమే ఆ బాలుడికి దక్కిన అనుభవం. అయినా ఆ ఆటలో పడ్డాక అతడు పక్కనున్న పెద్దలతో సంబంధం పెట్టుకోవడం మెరుగుపడిందని వారు రాశారు. ఒక్క పిల్లవాడి అనుభవంతో శాస్త్రం నిలబడదు, అది నిజమే. కానీ ఆ తరువాతి యాభై ఏళ్లలో వచ్చిన ఖరీదైన యంత్రాలన్నీ తిరిగి తిరిగి చెప్పిన విషయం ఆ ముఖం లేని తాబేలు ముందే చెప్పింది. తన చేతిలో పని ఉన్న పిల్లవాడు ఆ పనిని పక్కవారికి చూపించాలనుకుంటాడు.

ఇప్పుడు ఈ రంగంలో ఎంతో పేరున్న బొమ్మ గురించి కాస్త తీరికగా చెప్పుకోవాలి. ఇంగ్లండ్‌లో కెర్‌స్టిన్ డాటెన్‌హాన్ అనే శాస్త్రవేత్త 1998లో ఆటిజం ఉన్న పిల్లల కోసం రోబోల మీద పరిశోధన మొదలుపెట్టారు. 2005 నాటికి హార్ట్‌ఫర్డ్‌షైర్ విశ్వవిద్యాలయంలో ఆమె బృందం కాస్పర్ అనే రోబోను తయారుచేసింది. కాస్పర్ చిన్నపిల్లవాడంత ఉంటుంది. ఒక బల్ల మీద కూర్చుంటుంది. కాళ్లు కదలవు, తల, కళ్లు, కనురెప్పలు, నోరు, చేతులు కదులుతాయి. మామూలు పిల్లల దుస్తులే వేసుకుంటుంది. దాని ముఖం మెత్తని రబ్బరు తొడుగు. అందులో ముడతలు లేవు, నునుపైన చర్మం కింద కండరాల కదలిక లేదు, నవ్వితే పెదవులు కాస్త సాగుతాయి, అంతకుమించి ఏమీ జరగదు.

మొదటిసారి చూసిన పెద్దలకు ఆ ముఖం బోసిగా, కొందరికి భయంగా కూడా అనిపిస్తుంది. ఇంత గొప్ప విశ్వవిద్యాలయం ఇంకాస్త అందంగా, నిజమైన మనిషిలా చేయలేకపోయిందా అని అడిగేవారూ ఉంటారు. నిజానికి ఆ బోసితనం కావాలని పెట్టుకున్నది. మనిషి ముఖంలో ఉండే వందల చిన్న చిన్న కదలికలను తీసివేసి, సంతోషం, దుఃఖం వంటి రెండు మూడు భావాలను మాత్రం స్పష్టంగా మిగిల్చితే, పిల్లవాడికి ముందు అక్షరాలు, తరువాత వాక్యాలు నేర్పినట్టు ఉంటుందన్నది ఆ రూపకర్తల ఉద్దేశం. తక్కువ చూపించడం వల్లనే ఆ బొమ్మ ఎక్కువ నేర్పగలుగుతుంది.

కాస్పర్‌తో ఆట ఎలా సాగుతుందో శ్రోతలు ఒకసారి ఊహించుకోవచ్చు. బల్ల మీద బొమ్మ ఉంది. ఎదురుగా పిల్లవాడు ఉన్నాడు. ఇద్దరికీ కాస్త పక్కగా టీచర్ కూర్చుంది, ఆమె చేతిలో చిన్న రిమోట్ ఉంది. బొమ్మ చర్మం కింద అక్కడక్కడా సెన్సర్లు, అంటే తాకిడిని పసిగట్టే చిన్న పరికరాలు ఉంటాయి. పిల్లవాడు బొమ్మ పాదాన్ని మెల్లగా తడితే బొమ్మ నవ్వుతుంది. మళ్లీ తడితే మళ్లీ నవ్వుతుంది. కాసేపటికి పిల్లవాడు గట్టిగా కొడతాడు, కొట్టకుండా ఉండడు కూడా. అప్పుడు బొమ్మ నొప్పిగా ఉందని చెప్పి, ముఖం దిగులుగా పెట్టి, చేతులతో ముఖాన్ని కప్పుకుంటుంది. పిల్లవాడు ఆగిపోతాడు. ఏం జరిగిందో అతడికి వెంటనే తెలియకపోవచ్చు.

అసలు పాఠం ఈ క్షణంలో మొదలవుతుంది, అది చెప్పేది బొమ్మ కాదు. టీచర్ దగ్గరికి జరిగి, చూడు నాన్నా, నువ్వు గట్టిగా కొట్టావు, దానికి నొప్పి పుట్టింది, ఇలా మెల్లగా తాకు అని అతడి వేళ్లను పట్టుకొని చూపిస్తుంది. బొమ్మ మళ్లీ నవ్వుతుంది. తోటి పిల్లవాడిని కొట్టినప్పుడు ఇదే పాఠం చెప్పాలంటే, అప్పటికి ఏడుపు, కోపం, పెద్దల కేకలు అన్నీ కలిసిపోయి పిల్లవాడి చెవికి ఏదీ చేరదు. బొమ్మకు కోపం లేదు కనుక పాఠం పదిసార్లు చెప్పవచ్చు. టీచర్ లేకపోతే అక్కడ మిగిలేది కొడితే ఏడ్చే ఒక బొమ్మ మాత్రమే, ఆ ఏడుపు సరదాగా ఉందని పిల్లవాడు మరింత గట్టిగా కొట్టినా ఆశ్చర్యం లేదు. కాబట్టి మొదట చెప్పిన మాట మరోసారి చెప్పుకోవలసి వస్తుంది: రోబో సందర్భాన్ని కల్పిస్తుంది, దాన్ని పాఠంగా మార్చేది టీచర్.

కాస్పర్‌కు మరికొన్ని ఆటలూ వచ్చు. చేతులతో ముఖం మూసుకొని మళ్లీ తెరుస్తుంది. అది మన ఇళ్లలో పసిపిల్లలతో ఆడే దాగుడుమూతల వంటిదే. డప్పు మీద దరువు వేసి, పిల్లవాడు అదే దరువు వేసేదాకా ఆగుతుంది. ఇలా నీ వంతు, నా వంతు అని ఆగి ఆడటాన్ని వంతుల ఆట అంటారు. ఇది వినడానికి చిన్న విషయంలా ఉంటుంది గాని, మనుషుల సంభాషణ అంతా ఈ వంతుల మీదనే నిలబడి ఉంది. చెమ్మచెక్క ఆడే ఇద్దరు ఆడపిల్లల చేతులు ఒక్క క్షణం కూడా తడబడకుండా కలుసుకోవడంలో ఎంత పరస్పర గమనింపు ఉందో ఆలోచిస్తే, ఆటిజం ఉన్న పిల్లలు దేనికి దూరమవుతున్నారో అర్థమవుతుంది. ఆ పిల్లలు ఆటకు రావడం లేదని తోటివారు అనుకుంటారు, నిజానికి ఆ వేగాన్ని వారు అందుకోలేకపోతున్నారు. రోబో వేగాన్ని తగ్గించవచ్చు, ఎంతసేపైనా ఆపవచ్చు.

హార్ట్‌ఫర్డ్‌షైర్ పరిశోధకులు రాసిన అనుభవాల్లో ప్రత్యేకంగా గమనించవలసినది ఒకటుంది. బొమ్మ కళ్లను, ముఖాన్ని వేళ్లతో తడిమి తడిమి పరిశీలించిన పిల్లలు, ఆ తరువాత పక్కనున్న పెద్దమనిషి వైపు తిరిగి ఆ ముఖాన్ని కూడా అదే శ్రద్ధతో చూశారు. ఏళ్లతరబడి మనుషుల ముఖాలు తప్పించుకు తిరిగిన పిల్లలకు అది ఒక పెద్ద మలుపు. యంత్రం మీద మొదలైన చూపు మనిషి మీదికి మళ్లడం అంటే ఇదే.

చూపు మాట వచ్చింది కనుక ఇక్కడ మరో పదాన్ని వివరించుకోవాలి. తల్లి చందమామను చూపిస్తే ఒళ్లో ఉన్న పసిబిడ్డ తల్లి వేలివైపు కాక ఆకాశం వైపు చూస్తుంది, చూసి మళ్లీ తల్లి ముఖంలోకి చూసి నవ్వుతుంది. ఇద్దరు మనుషులు ఒకే వస్తువును కలిసి చూస్తూ, కలిసి చూస్తున్నామని ఇద్దరూ తెలుసుకోవడాన్ని ఉమ్మడి దృష్టి అంటారు. మాటలు నేర్చుకోవడానికి ఇదే పునాది. తల్లి చందమామ అన్నప్పుడు బిడ్డ కూడా అదే చూస్తుంటేనే ఆ మాట ఆ వస్తువుకు అతుక్కుంటుంది. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి ఈ ఉమ్మడి దృష్టి ఆలస్యంగా వస్తుంది. రోబోలతో జరిగిన ప్రయోగాల్లో చాలా వాటికి ఇదీ ఒక లక్ష్యం.

జపాన్‌లో హిదెకి కోజిమా అనే శాస్త్రవేత్త ఇందుకోసం తయారుచేసిన కీపాన్ అనే రోబో ఎంత సాదాసీదాదంటే, దాన్ని రోబో అనడానికి కూడా కొందరు సందేహిస్తారు. అరచేతిలో పట్టేంత పసుపుపచ్చ రబ్బరు బొమ్మ, ఒక గుండ్రటి బంతి మీద మరో బంతి పెట్టినట్టుంటుంది. చేతులు లేవు, కాళ్లు లేవు, నోరు లేదు. రెండు కళ్లలో కెమెరాలు, ముక్కులో మైకు ఉంటాయి. ఏదైనా వస్తువు వైపో ముఖం వైపో తిరగడం, పైకీ కిందికీ కదలడం, పక్కలకు ఊగడం మాత్రమే అది చేసే పనులు. ఎదుగుదలలో వెనుకబడిన పిల్లలు వచ్చే ఒక డే కేర్ కేంద్రంలో దాన్ని గదిలో ఒక మూల వదిలిపెట్టి, పక్క గదిలోంచి మనిషి నడిపిస్తూ, సంవత్సరాలపాటు గమనించారు. పిల్లలను ఎవరూ దాని ముందు కూర్చోబెట్టలేదు. ఎవరికి ఇష్టమైతే వారు ఇష్టమైనప్పుడు దాని దగ్గరికి వెళ్లారు. మొదట దూరం నుంచి చూసినవారు కొన్నాళ్లకు దగ్గరికి వెళ్లి తాకారు, దాని కళ్లలోకి చూశారు, ఆ తరువాత తాము కనిపెట్టిన వింతను చూపించడానికి తల్లివైపు, టీచర్ వైపు తిరిగారు. ఇక్కడా కథ అలాగే ముగిసింది: బొమ్మ దగ్గర మొదలై మనిషి దగ్గరికి వచ్చింది.

ఇలాంటి అనుభవాలు మనసును కదిలిస్తాయి, కానీ అనుభవాలు వేరు, రుజువులు వేరు. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో బ్రయన్ స్కాసెలాటి బృందం 2018లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో ముఖ్యమైనది. ఆటిజం ఉన్న 12 మంది పిల్లల ఇళ్లలో నెల రోజులపాటు ఒక రోబోను ఉంచారు. రోజూ అరగంటసేపు పిల్లవాడు, పెంచేవారిలో ఒకరు, రోబో ముగ్గురూ కలిసి తెర మీద ఆటలు ఆడారు. రోబో చూడవలసిన చోటికి తాను ముందుగా చూసి, చూపు ఎలా పంచుకోవాలో చేసి చూపించింది. నెల తరువాత రోబో లేని చోట, మామూలు మనుషుల ముందు పరీక్షించినప్పుడు కూడా ఆ పిల్లల ఉమ్మడి దృష్టి మెరుగుపడింది. ఈ పరీక్షలో మెచ్చుకోవలసినది అదే. రోబో ముందు పిల్లవాడు బాగా చేశాడంటే రోబో బాగుందని మాత్రమే అర్థం, రోబో లేనప్పుడు బాగా చేశాడంటే పిల్లవాడు నేర్చుకున్నాడని అర్థం. అయితే 12 మంది అన్నది చిన్న సంఖ్య, ఒక నెల అన్నది చిన్న కాలం. ఈ రంగంలోని అధ్యయనాలు చాలావరకు ఇలాగే కొద్దిమందితో, కొద్దికాలం జరిగినవి. కనుక రోబో ఆటిజాన్ని నయం చేస్తుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. ఆటిజం నయం చేసే జబ్బు కాదు, రోబో మందు కాదు.

తరగతి గదిలో రోజూ పనిచేసేవారి మాట కూడా వినాలి. ఇంగ్లండ్‌లో ఆటిజం ఉన్న పిల్లలకు చదువు చెప్పే టీచర్లను, సహాయకులను ఈ విషయమై పరిశోధకులు వివరంగా ప్రశ్నించినప్పుడు, రోబో ఎప్పుడూ ఒకేలా ఉంటుంది కనుక పిల్లలకు ఊరటగా ఉంటుందని చాలామంది ఒప్పుకున్నారు. దానితోపాటే పిల్లలు రోబోకే అతుక్కుపోయి మనుషులను పట్టించుకోకుండా పోతారేమోనన్న భయాన్నీ వెలిబుచ్చారు. ఇది కొట్టిపారేయవలసిన భయం కాదు. ఒకే వస్తువు మీద గాఢమైన ఇష్టం పెంచుకోవడం ఆటిజంలో సాధారణం. కొందరు పిల్లలకు రోబో లోపలి మోటారు చేసే సన్నని రొద కూడా భరించరానిదే. మరికొందరు అసలు దాని ముఖమైనా చూడరు. అలాంటి పిల్లవాడిని బలవంతంగా దాని ముందు కూర్చోబెట్టడం కన్నా దాన్ని పెట్టెలో పెట్టి, అతడికి ఇష్టమైన నీళ్ల ఆటతోనో ఇసుక ఆటతోనో పాఠం మొదలుపెట్టడం ఎంతో మేలు.

అమెరికాలోని దక్షిణ కరోలినా రాష్ట్రంలో ప్రభుత్వ పాఠశాలల్లోకి వచ్చిన మైలో అనే రోబోలో ఒక మంచి పద్ధతి ఉంది. అది మామూలు మనుషులకన్నా నెమ్మదిగా మాట్లాడుతుంది, మాట్లాడుతున్నప్పుడు ఆ మాటకు సంబంధించిన బొమ్మ దాని ఛాతీ మీది తెరపై కనిపిస్తుంది. చెవితో విన్నదాన్ని కంటితో కూడా చూడటం ఈ పిల్లల్లో చాలామందికి సాయపడుతుంది. ఈ పద్ధతిని ఏ టీచరైనా రోబో లేకుండానే అనుసరించవచ్చు: నెమ్మదిగా, తక్కువ మాటలతో చెప్పి, చేతిలో బొమ్మ కార్డు చూపించడానికి కరెంటు కూడా అక్కరలేదు. యంత్రాన్ని తయారుచేయడానికి చేసిన పరిశోధన మనిషికి పాఠం చెప్పే తీరు నేర్పిందంటే, ఆ పరిశోధన మీద పెట్టిన ఖర్చు వృథా కాలేదు.

అన్నిటికన్నా లోతైన అభ్యంతరం ఆటిజం ఉన్న పెద్దలనుంచే వచ్చింది. బ్రిటన్‌లో ఆటిజం ఉన్న సామాజిక శాస్త్రవేత్త డేమియన్ మిల్టన్ 2012లో ఒక వాదన ముందుకు తెచ్చారు. ఆటిజం ఉన్నవారు ఇతరులను అర్థం చేసుకోలేరని లోకం అంటుంది, కానీ ఇతరులు కూడా ఆటిజం ఉన్నవారిని అర్థం చేసుకోలేకపోతున్నారు, లోపం రెండువైపులా ఉంది అన్నది ఆ వాదన సారాంశం. దీన్ని తరగతి గదికి అన్వయించుకుంటే కొన్ని కఠినమైన ప్రశ్నలు ఎదురవుతాయి. కళ్లలోకి చూడటం బాధగా ఉన్న పిల్లవాడిచేత రోబోతో వందసార్లు కళ్లలోకి చూపించడం ఎవరి సౌకర్యం కోసం? అతడు చూడకుండానే వింటున్నాడని టీచర్ తెలుసుకుంటే సరిపోదా? రోబోను పిల్లవాడిని అందరిలాంటివాడిగా దిద్దే పరికరంగా వాడితే అది మేలుకన్నా కీడే చేస్తుంది. అతడికి ఏది ఇష్టం, ఏది భయం, ఏ వేగంలో చెబితే అందుకుంటాడు అన్నది టీచర్ తెలుసుకోవడానికి దాన్ని వాడితే మాత్రం ఇద్దరికీ లాభం. మొదట చెప్పిన మాటకు ఇది రెండో సగం: రోబో పక్కన కూర్చున్నప్పుడు పిల్లవాడు టీచర్‌ను నేర్చుకుంటాడు, టీచర్ పిల్లవాడిని నేర్చుకుంటుంది.

ఇక తెలుగు నేలకు వస్తే, ఇక్కడి ప్రయత్నానికి పునాదులు లేవని అనుకోనక్కరలేదు. సికింద్రాబాద్‌లోని మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం గలవారి కోసం 1984 నుంచి పనిచేస్తున్న జాతీయ సంస్థ మన దేశంలో ఆటిజాన్ని అంచనా వేయడానికి వాడే భారతీయ కొలమానాన్ని రూపొందించింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని స్పష్టంగా పేర్కొని, విద్యాసంస్థలు ఈ పిల్లలను తోటివారితో కలిపి చదివించేలా చూడవలసిన బాధ్యతను ప్రభుత్వాల మీద, స్థానిక సంస్థల మీద ఉంచింది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రత్యేక అవసరాలు గల పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి, వాటిలో ఈ పిల్లలకు బోధించడానికి శిక్షణ పొందిన టీచర్లు పనిచేస్తున్నారు. ఒక్కొక్కరి మీద ఉన్న భారం ఎంతో తల్లిదండ్రులకు తెలుసు.

అటువంటి కేంద్రానికి విదేశీ రోబోను కొని తెస్తే ఏమవుతుంది? అది ఇంగ్లీషులో మాట్లాడుతుంది. పిల్లవాడు ఇంట్లో వినేది తెలుగు, అదీ తన ఊరి తెలుగు. మాట అందుకోవడమే కష్టమైన పిల్లవాడికి తెలియని భాషలో మాట్లాడే బొమ్మను ఇవ్వడం అన్యాయం. అది పాడైతే బాగుచేసేవారు దగ్గరలో ఉండరు. రెండు నెలలు దానికి అలవాటుపడిన పిల్లవాడికి, ఉన్నట్టుండి ఒకరోజు అది కనిపించకపోవడం తట్టుకోలేని విషయం. దాని కళ్లలో కెమెరాలుంటాయి కనుక ఆ పిల్లల చిత్రాలు ఎక్కడికి వెళుతున్నాయో, ఎవరు దాచుకుంటున్నారో అడిగే హక్కు తల్లిదండ్రులకుంది, అడగాలి కూడా.

ఎడిన్‌బరో తాబేలును ఈ సందర్భంలో మళ్లీ తలచుకోవలసి ఉంది. 2016 నుంచి దేశంలోని ఎన్నో బడుల్లో అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు వెలిశాయి. చక్రాల మీద నడిచే చిన్న బండిని, మీట నొక్కితే రికార్డు చేసిన మాట పలికే పెట్టెను హైస్కూలు పిల్లలే అక్కడ తయారుచేయగలరు. ఆ గొంతు పిల్లవాడి టీచర్‌దో, అమ్మదో కావచ్చు. ఆ మాట శ్రీకాకుళం యాసలోనో, కరీంనగర్ యాసలోనో ఉండవచ్చు. తొమ్మిదో తరగతి పిల్లలు ఒక బండిని తయారుచేసి, దాన్ని ఎలా నడపాలో పక్క గదిలోని ఆటిజం ఉన్న పిల్లవాడికి చూపించి, మీట అతడి చేతిలో పెట్టి, నీ వంతు అని ఆగి నిలబడితే, ఆ బడికి రోబో వచ్చినట్టే. అక్కడ ఇద్దరు పిల్లలు కలిశారు కనుక లక్షలు పోసి కొన్న బొమ్మ చేయవలసిన పని అప్పటికే సగం పూర్తవుతుంది.

ఎలాంటి బొమ్మనైనా తరగతిలోకి తెచ్చే టీచర్లు పాటించదగిన క్రమం కూడా ఈ అనుభవాల్లోంచే తీసుకోవచ్చు. మొదటి రోజున బొమ్మను ఆపివేసి ఉంచి, పిల్లవాడిని తన ఇష్టం వచ్చినట్టు చూడనివ్వాలి, తాకనివ్వాలి. ఈరోజు ముందు ప్రార్థన, తరువాత బొమ్మతో ఆట, ఆ తరువాత అన్నం అని బొమ్మ కార్డులు వరుసగా పేర్చి ముందే చూపించాలి. ఆట ఎప్పుడు ముగుస్తుందో కూడా ముందే తెలియాలి. ఆట కొద్ది నిమిషాలే ఉండాలి. రిమోట్ ఎప్పుడూ టీచర్ చేతిలోనే ఉండకూడదు. కొన్నిసార్లు దాన్ని పిల్లవాడి చేతికిచ్చి, బొమ్మ చేసినట్టు టీచర్ చేయాలి. ఆ తరువాత బొమ్మను పక్కన పెట్టి, అదే ఆటను తోటి పిల్లవాడితో ఆడించాలి. ఈ చివరి మెట్టును వదిలేస్తే మిగతావన్నీ చేసి కూడా చేయనట్టే, ఎందుకంటే పిల్లవాడు జీవితాంతం బతకవలసింది మనుషుల మధ్య.

బడులకు నిధులు మంజూరు చేసే అధికారులకు, దాతలకు ఒక విన్నపం. ఒక రోబో కొనడానికి డబ్బు సిద్ధంగా ఉన్నప్పుడు, ముందుగా ఆ బడిలో దాని పక్కన కూర్చునే శిక్షణ పొందిన టీచర్ ఉన్నారో లేదో చూడండి. లేకపోతే ఆ డబ్బు ముందు ఆ టీచర్ కోసం, ఆమెకు ఇచ్చే శిక్షణ కోసం ఖర్చుపెట్టండి. టీచర్ ఉండి రోబో లేని బడిలో పిల్లలు నేర్చుకుంటారు, రోబో ఉండి టీచర్ లేని బడిలో ఆ యంత్రం బీరువాలో దుమ్ముపట్టి ఉంటుంది.

తల్లిదండ్రులకు మరో మాట. ఏడాది నిండిన బిడ్డ పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోయినా, వేలితో చూపించకపోయినా, వచ్చిన మాటలు పోయినా, పెద్దయ్యాక అదే వస్తుందిలే అని ఊరుకోవద్దు. జిల్లా ప్రభుత్వ ఆసుపత్రుల్లో చిన్నపిల్లల ఎదుగుదల లోపాలను తొందరగా గుర్తించడానికి డీఈఐసీ అనే కేంద్రాలున్నాయి, అక్కడ పరీక్ష ఉచితం. ఆ కేంద్రం ఎక్కడుందో మీ అంగన్‌వాడీ టీచర్‌నో, ఆశా కార్యకర్తనో రేపే అడిగి తెలుసుకోండి.